సజ్జ మీది రేకు డబ్బా

హాజరు పిలుస్తుంటే నలభై రెండో పేరు దగ్గర నాకు ఊపిరి అందలేదు. ఆరో తరగతి, అరవై ఒక్క మంది పిల్లలు. అంతకు ముందు రిజిస్టరు మొత్తం గుక్క తిప్పుకోకుండా చదివేదాన్ని. పిల్లలు దాన్ని రైలుబండి అని ఎగతాళి చేసేవాళ్లు. ఆ రోజు రైలుబండి మధ్యలో ఆగింది. దగ్గుతూ బల్ల పట్టుకుని నిలబడ్డాను. పిల్లలు నవ్వితే నేనూ నవ్వి, సుద్దముక్క పొడి గొంతులో పడిందన్నాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు సంగతి ఇది. మాది హాలియా. నేను ఒక ప్రైవేటు బడిలో టీచర్ని, మా ఆయన రైస్ మిల్లులో పని చేస్తాడు. మిల్లు నుంచి ఆయన ఒంటి మీద తెచ్చే తవుడు దుమ్ము ఒకటి, బడిలో సుద్ద దుమ్ము ఒకటి. ఈ రెండింటి మీద నెపం వేసి మూడు వారాలు గడిపాను. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. తెల్లారేసరికి జాకెట్టు చెమటతో తడిసిపోయేది. జాకెట్లు వదులైతే కుట్లు వేయించుకున్నాను గాని, అవి ఎందుకు వదులయ్యాయో ఆలోచించలేదు.

ఆలోచించింది పద్మక్క. పద్మక్క మా బావ, అంటే మా ఆయన అన్న భార్య, నాకు యారాలు. ఇల్లు ఒకటే, రెండు అర్రలు వాళ్లవి, రెండు మావి, వంట మాత్రం కలిసే. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా ఇద్దరికీ పడేది కాదు. టీచరమ్మ గిన్నెలు తోమితే చదువు అరిగిపోతదా అని ఎత్తిపొడిచేది. నాకు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ దవాఖానలో నా పక్కన కూర్చున్నది ఆమెనే. నాకు ఇక పిల్లలు కాలేదు. ఆమె ఒక్కగానొక్క బిడ్డ శ్రావణి నా ఒళ్లో అక్షరాలు దిద్దింది. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య పోట్లాట ఉప్పూ కారం దాటి పోలేదు.

"మూడు వారాలాయె. గిది సుద్దపొడి దగ్గు గాదు. దవాఖానకు నడువ్" అన్నది పద్మక్క. నేను బడి ఉందంటే, బడి ఎక్కడికీ పోదు, నువ్వే పోతవు అని ఆటో పిలిచింది.

తెమడ తీసుకుని స్పుటం పరీక్ష రెండుసార్లు చేశారు. ఎక్స్‌రే తీశారు. డాక్టరు చిన్న వయసు మనిషి. టీబీ అని చెప్పి, భయపడొద్దు, ఆరు నెలలు మందులు వేసుకుంటే పూర్తిగా పోతుంది అన్నాడు. మధ్యలో ఆపొద్దు అని ఒకసారి చెప్పి, మేము లేచి తలుపు దాకా వచ్చాక మళ్లీ పిలిచి ఇంకోసారి చెప్పాడు.

నాకు జబ్బు కంటే బడి భయం ఎక్కువగా ఉండేది. టీచరుకు టీబీ అని తెలిస్తే ఏ తల్లి తన పిల్లను నా ముందు కూర్చోబెడుతుంది? బడిలో టైఫాయిడ్ అని చెప్పాం. మా అర్రకు గల్లీ వైపు ఒకటే కిటికీ. దగ్గు చప్పుడు బయటికి పోకుండా దాన్ని నేనే మూసి గొళ్లెం పెట్టాను. పద్మక్క నాకు పళ్లెం వేరు, చెంబు వేరు పెట్టింది. మేకుతో పళ్లెం అడుగున ఒక గీత గీసింది. తప్పుగా అనుకోకు, పిల్ల ఉన్నది గదా అన్నది. నేను అనుకోలేదు. జబ్బు పళ్లెంలో ఉంటుందని మేమంతా నమ్మాం. గాలి సంగతి ఎవరికీ పట్టలేదు.

మొదటి రెండు నెలలు ఆశ కార్యకర్త ముందు కూర్చుని గోళీలు మింగాను. మూత్రం ఎర్రగా వచ్చేది, నోరంతా ఇనుము నాకినట్టుండేది. రెండు నెలలకు మళ్లీ స్పుటం పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చింది. మా ఆయన స్వీటు పొట్లం తెచ్చాడు. పద్మక్కకు షుగర్, తను తినకుండా అందరికీ పంచి, "ఇల్లు అలకంగనే పండుగ గాదు, ఇంక నాలుగు నెలలున్నది" అని నా వైపు చూసింది.

ఆ తర్వాత వారానికి ఒక స్ట్రిప్ ఇచ్చేవాళ్లు. ఒక పూటవి ఆశమ్మ ముందు మింగాలి, తక్కినవి ఇంటి దగ్గర వేసుకుని ఖాళీ స్ట్రిప్ తిరిగి ఇవ్వాలి. ఆశమ్మకు నా మీద ఎంత నమ్మకమంటే, "టీచరమ్మవు నువ్వు, నీకు నేను జెప్పాల్నా" అని స్ట్రిప్ మొత్తం చేతికిచ్చి కార్డు మీద టిక్కు పెట్టేది. గోళీలు వేసుకున్న రోజు పాఠం మధ్యలో కడుపు తిప్పేది. రెండుసార్లు పిల్లల ముందే వాంతి చేసుకున్నాను. హెడ్‌మాస్టరు అనుమానంగా చూశాడు. అప్పటికి నేను ఐదు కిలోలు పెరిగాను, దగ్గు లేదు, బుగ్గలు నిండాయి. రైలుబండి మళ్లీ ఆగకుండా నడుస్తోంది. మూడో నెల నడుమ ఒక పొద్దున గోళీలు స్ట్రిప్ నుంచి తీసి చేతిలో పట్టుకున్నాను, మింగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ మింగలేదు.

పారేయడానికి మనసు రాలేదు. మోరీలో వేస్తే ఎవరి కంటనైనా పడతాయి. పైగా దగ్గు మళ్లీ వస్తే అప్పుడు వేసుకోవచ్చు కదా అనుకున్నాను. పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, నా బుద్ధి అంత దూరమే పోయింది. వంటింటి సజ్జ మీద, పండుగ వంటలకు దించే పెద్ద గంజుల వెనుక ఒక పాత రేకు డబ్బా ఉండేది. అందులో వేస్తూ వచ్చాను. ఖాళీ స్ట్రిప్‌లు ఆశమ్మకు ఇచ్చాను. కార్డు నిండింది. డాక్టరు సంతోషంగా కోర్స్ కంప్లీట్ అని రాశాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, నన్ను ఎవరూ చూడలేదనే అనుకున్నాను.

ఏడాది తిరిగాక దగ్గు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా డబ్బాలోని గోళీలు రెండు వారాలు వేసుకున్నాను. ఒక రోజు ముఖం కడుక్కుంటుంటే తెమడలో రక్తం పడింది. పద్మక్క వెనకాలే నిలబడి ఉంది. దవాఖానకు పోదామని అప్పటికప్పుడే చీర మార్చుకుని వచ్చింది.

ఈసారి నల్లగొండ పంపారు. కొత్త మిషన్ మీద పరీక్ష చేసి, రిఫాంపిసిన్ రెసిస్టెంట్ అన్నారు. ఎండీఆర్ అనే మాట అక్కడే మొదటిసారి విన్నాను. మామూలు మందులకు లొంగని టీబీ. అక్కడి డాక్టరమ్మ పెద్దావిడ, కళ్లద్దాల పైనుంచి చూస్తూ, "ముందు కోర్స్ పూర్తిగా వాడారా? మధ్యలో ఆపారా?" అని అడిగింది.

నేను నోరు తెరిచే లోపే పద్మక్క అందుకుంది. "పూర్తిగ వాడింది మేడం. ఆరు నెలలు. కార్డు గూడ ఉన్నది, సూడుండ్రి" అని సంచిలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఈ కథలో నేను ఎక్కువసార్లు తిరిగి వెళ్లేది ఆ బల్ల దగ్గరికే. గోళీలు మానడం బుద్ధి తక్కువ పని అని ఎవరైనా అంటారు. కాని నా తరపున ఇంకొక మనిషి సాక్ష్యం చెబుతుంటే తల ఊపడం వేరే పని, దానికి నేను ఇంకా పేరు పెట్టుకోలేదు.

రెండేళ్ల మందులు. మొదటి ఆరు నెలలు రోజూ కనామైసిన్ సూది. పిర్రలు గట్టిపడి కూర్చోలేకపోయేదాన్ని. నాలుగో నెలలో ఎడమ చెవిలో గుయ్‌మని ఒక మోత మొదలైంది. ఆడియోమెట్రీ చేసి, ఎడమ చెవి వినికిడి చాలా వరకు పోయిందన్నారు. సూది ఆపితే ప్రాణానికి ముప్పు, ఆపకపోతే చెవికి, ఏం చేద్దామమ్మా అని డాక్టరమ్మ అడిగితే, వేయమన్నాను. ఆ మోత ఈ రోజుకూ ఆగలేదు, ఇది రాస్తుంటే కూడా వినపడుతోంది.

బడి మానేశాను. అయినా కిటికీ తెరవలేదు. గల్లీలో వాళ్లకు తెలుస్తుందని సిగ్గు. మా ఆయనకు మిల్లులో షిఫ్టులు, అందుకని పద్మక్క నా అర్రలో చాప వేసుకుని పడుకునేది. ఆ చలికాలమంతా మూసిన అర్రలో నేను దగ్గుతుంటే ఆమె నా వీపు రాసింది. నా పళ్లెం మాత్రం పొరపాటున కూడా ఎవరి పళ్లాలతో కలవనిచ్చేది కాదు.

ఆ మరుసటి పెత్రమాసకు, పెద్దలకు వండి పెట్టే రోజున, పద్మక్క సజ్జ మీది గంజులు దించింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. పనిలో అలసిపోయింది అనుకున్నాను. తెల్లారి గోళీలు, చెంబుతో నీళ్లు తెచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "నా ముందల మింగు. ఇగ నోరు తెరువు. నాలిక లేపు" అన్నది. శ్రావణికి జ్వరం వస్తే మందు పోసే తీరు అది. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. ఆ రోజు నుంచి మంచం పట్టేదాకా ఒక్క పూట కూడా తప్పకుండా నా నాలుక కింద చూసింది.

మంచం పట్టింది అన్నాను కదా. ఆమె దగ్గు ఎప్పుడు మొదలైందో మాకు తెలియదు. సలికి అన్నది, పొగకు అన్నది, మిరపకాయల ఘాటుకు అన్నది. నా నెపాలు అన్నీ ఆమె అప్పు తీసుకున్నట్టే ఉండేవి. పట్టుబట్టి తీసుకుపోయేసరికి రెండు లంగ్స్‌కూ పాకింది. ఎండీఆర్. షుగర్ ఉన్నవాళ్లకు త్వరగా అంటుతుంది, లేటుగా వచ్చారు అన్నది డాక్టరమ్మ. ఇంట్లో ఎన్ని గదులు, ఎవరెక్కడ పడుకుంటారు, కిటికీలు తీస్తారా అని అడిగింది. మేము పళ్లెం వేరు పెట్టిన సంగతి చెప్పాం. ఆమె పెన్ను కింద పెట్టి, "ప్లేటు కాదమ్మా, గాలి. కిటికీ తెరిచి పెట్టాల్సింది" అన్నది. మా బావ నా వైపు చూడలేదు. కిటికీ ఎవరు మూశారో ఇంట్లో అందరికీ తెలుసు.

ఐదు నెలలు బతికింది. చివరి వారం ఇంటికి తెచ్చుకున్నాం. ఒక మధ్యాహ్నం బావ చేను దిక్కు పోయాడు, శ్రావణి బడికి పోయింది. నేను ఆమె కాళ్లు ఒత్తుతున్నాను. ఎముకలు తప్ప చేతికి ఏమీ తగలడం లేదు. కళ్లు మూసుకుని ఉన్నదల్లా తెరిచి, "సుజాతా, నాకు ఏమన్న చెప్పేదున్నదా?" అని అడిగింది.

ఏం లేదక్కా, నువ్వు మంచిగైతవు అన్నాను. ఆమె కొంచెంసేపు నన్నే చూసి మళ్లీ కళ్లు మూసుకుంది. ఆ తర్వాత మూడు రోజులు ఉన్నది గాని, ఆ మాట మళ్లీ అడగలేదు.

మా దిక్కు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆరుబయట పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషి మనసులో ఏదో మిగిలిందని అర్థం. కాలువ గట్టు మీద విస్తరి వేశాం. కోడికూర, చేపల పులుసు, చాయ, షుగర్ ఉందని పదేళ్లుగా ముట్టని జిలేబి. కాకులు తుమ్మ చెట్టు మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

ఎవరి మీద ఫికరో అడుగుండ్రి అన్నారు పెద్దలు. బావ చేతులు జోడించి, బిడ్డను మంచిగ సదివిస్త అన్నాడు. కాకి దిగలేదు. ఆమె తమ్ముడు ఏదో మొక్కుకున్నాడు. దిగలేదు. నన్ను ముందుకు తోశారు. చెప్పాల్సింది ఏమిటో నాకు తెలుసు. తుమ్మ చెట్టు మీది కాకులకు కూడా తెలిసినట్టే ఉంది. శ్రావణిని నా బిడ్డ లెక్క చూసుకుంట అక్కా అన్నాను. ఆడవాళ్లు ఏడ్చారు. కాకి మాత్రం దిగలేదు. ఎండెక్కేదాకా చూసి, విస్తరి కాలువలో వదిలి ఇంటికి వచ్చేశాం.

ఇంటికి రాగానే చుట్టాలందరూ వాకిట్లో ఉండగా సజ్జ ఎక్కాను. గంజుల వెనుక రేకు డబ్బా అక్కడే ఉంది. తీసి ఊపాను. చప్పుడు లేదు. మూత తీస్తే ఖాళీ. నేను వాడగా ఇంకా నూరు దాకా గోళీలు అందులో ఉండాలి. డబ్బాను తలకిందులు చేసి తట్టాను. ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు? దొంగకు తేలు కుట్టినట్టు, అడగడానికి కూడా వీలులేదు.

నా జబ్బు నయమైంది. స్పుటం కల్చర్ నెగెటివ్ అని వచ్చింది, మందులు ఆగాయి. రికార్డు ప్రకారం నేను క్యూర్డ్. కాని ఆ ఇంట్లో ఎవరో ఒకరికి తెలుసు. అన్నం వడ్డిస్తుంటే బావ ముఖం చూసేదాన్ని, ఈయనకేనా? బట్టలు మడతపెడుతూ మా ఆయన ముఖం చూసేదాన్ని. చెవిలో మోత ఆగేది కాదు. ఆ అర్రలో పడుకుంటే మోత వెనకాల దగ్గు వినపడేది. అది నాదా, అక్కదా అని పోల్చుకోలేకపోయేదాన్ని. ఏటా పెత్రమాసకు గంజులు దించుతూ ఆ డబ్బా ఊపి చూసేదాన్ని.

మా అమ్మగారింటి వాళ్లు చర్చికి పోతారు. ఒక ఆదివారం అమ్మతో పోయి, పేర్లు చెప్పకుండా పాస్టరు గారిని అడిగాను. మనసారా ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడమ్మా అన్నారు. ఆయన మంచి మనిషి, ఆ మాటలో తప్పు లేదు. కాని ఇంటికి వస్తుంటే బస్సులో నాకు కోపం వచ్చింది. దెబ్బ తగిలింది పద్మక్కకు, తల్లి లేకుండా పోయింది శ్రావణి. వాళ్లను అడగకుండా నేనూ దేవుడూ మాట్లాడుకుని తేల్చుకోవడం ఏమి న్యాయం? పోయిన మనిషి క్షమించలేదు, ఉన్నవాళ్లకు క్షమించడానికి ఏముందో తెలియదు. తెలియని తప్పును ఎవరూ క్షమించలేరు. నేను చెప్పనంత కాలం వాళ్లకు ఆ వీలు కూడా లేకుండా చేశాను. ఇంత అర్థమయ్యాక కూడా చెప్పలేదు.

ఐదేళ్లు గడిచాయి. శ్రావణి నల్లగొండలో డిగ్రీ రెండో ఏడుకు వచ్చింది. హాస్టల్ నుంచి సెలవుల్లో వచ్చి, పడుకుని లేచేసరికి దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. అదే రోజు తీసుకుపోయాను. ఎండీఆర్ అన్నారు. అక్కకు జబ్బు బయటపడినప్పుడు తీసిన ఎక్స్‌రేలలో ఆ పిల్లకు ఏమీ లేదు. లోపల ఎన్నేళ్లయినా ఉండి తర్వాత లేవొచ్చు అన్నాడు కొత్త డాక్టరు. ఇప్పుడు సూదులు లేవు, అన్నీ గోళీలే, తొమ్మిది నెలలు పడుతుంది, ఒక్క డోసు కూడా మిస్ కావద్దు అన్నాడు. ఎక్కడి నుంచి అంటిందో నేను అడగలేదు.

కాలేజీ మాన్పించి ఇంటికి తెచ్చాం. మొదటి రోజే, మళ్లీ ఎవరూ మూయకుండా, కిటికీ గొళ్లెం సుత్తితో పగలగొట్టాను. మొదటి నెల శ్రావణి వాంతులతో నీరసపడింది. రెండో నెలలో వాంతులు ఆగాయి. గోళీలు వేసుకున్న గంటకే మామిడి తొక్కు వేసుకుని అన్నం తింటోంది. మా ఆయన సంతోషించాడు. నాకు భయం వేసింది. ఆ గోళీ మింగితే కడుపు ఎట్లా తిప్పుతుందో నాకు తెలుసు. ఖాళీ స్ట్రిప్‌లు చూశాను. చక్కగా, ఒక్కటి కూడా మిగలకుండా ఉన్నాయి.

ఆ ఏడు పెత్రమాస వచ్చింది. గంజుల కోసం సజ్జ ఎక్కి, అలవాటుగా డబ్బా తీసి ఊపాను.

చప్పుడైంది.

ఐదేళ్ల తర్వాత ఆ గోళీలే తిరిగి వచ్చాయనుకున్నాను. మూత తీస్తే ఇప్పటి మందులు, శ్రావణివి. డబ్బా పట్టుకుని దిగాను. పిల్ల వాకిట్లో గడప మీద కూర్చుని ఫోను చూస్తోంది. బావ పెరట్లో ఉన్నాడు. డబ్బా దాని ముందు పెట్టి, నేల మీద కూర్చున్నాను. తిట్టడానికి నోరు రాలేదు. నేను గోళీలు మానిన సంగతి, ఈ డబ్బాలోనే దాచిన సంగతి, బల్ల దగ్గర తల ఊపిన సంగతి, కిటికీ సంగతి అన్నీ చెప్పాను. మీ అమ్మను చంపింది టీబీ కాదు, నేను మింగని గోళీలు అన్నాను. నువ్వు నన్ను ఏమన్నా అను, ఇవి మాత్రం మింగు అని కాళ్లు పట్టుకోబోయాను. పిల్ల కాళ్లు వెనక్కి తీసుకుంది.

ఒక్క మాట అనలేదు. లేచి లోపలికి పోయి ఆ పూట గోళీలు, నీళ్లు తెచ్చి నా ఎదురుగా పీట మీద కూర్చుంది. మింగింది. నోరు తెరిచి, నాలుక లేపి చూపించింది.

బావకు ఆ సాయంత్రమే చెప్పాను. "నాకు చెప్పకున్న మంచిగుండె" అని లేచిపోయాడు. నెల రోజులు నేను వడ్డించిన అన్నం తినలేదు. తర్వాత ఒక పూట వచ్చి పళ్లెం ముందు కూర్చున్నాడు. ఇప్పటికీ నాతో ముఖం చూసి మాట్లాడడు, వంట బాగుంటే మాత్రం ఇంకో ముద్ద అడుగుతాడు. మా ఆయన ఎప్పటిలాగే మిల్లుకు పోయి వచ్చాడు. ఒకనాడు, నాకన్న చెప్తే అయిపోవు గదా అన్నాడు.

డోసులు తప్పినందుకు డాక్టరు మందులు మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టాడు. డబ్బా తీసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టి, నిజం నేనే చెప్పాను. ఆ తొమ్మిది నెలలూ ప్రతి పొద్దునా శ్రావణి నా ఎదురుగా కూర్చునేది. మింగేది, నోరు తెరిచేది, లేచిపోయేది. నాతో మాట ఉండేది కాదు. నా మీద అసహ్యం వల్ల అనుకున్నాను. అసహ్యంతోనైనా మింగుతోంది, అది చాలు అనుకున్నాను. చాలు అనుకోవడం అంత తేలిక కాదు. ఆ పిల్లకు అక్షరాలు దిద్దించింది నేను.

చివరి గోళీ మింగిన పొద్దున కూడా నోరు తెరిచి చూపించింది. లేచి పోతుందనుకున్నాను. పోలేదు. పీట జరుపుకుని నా కుడివైపుకు వచ్చి కూర్చుంది. నాకు వినపడే చెవి కుడిది.

"చిన్నమ్మా, ఆ డబ్బల గోళీలు అమ్మకు దొరికినయి. పెత్రమాస నాడు. నేను పక్కనే ఉన్న" అన్నది.

నేను గోడకు ఆనుకున్నాను. అమ్మ చాలాసేపు వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. తర్వాత పెరట్లో గుంత తీసి పాతిపెట్టి, డబ్బా కడిగి తుడిచి మళ్లీ సజ్జ మీద పెట్టిందట. చిన్నమ్మను అడుగుదామా అని పిల్ల అంటే, ఇప్పుడడిగితే పరేషానై ఉన్న మందులు గూడ బంద్ పెడ్తది, వద్దు అన్నదట.

"మీ చిన్నమ్మ ఏదో ఒకనాడు తనే చెప్తది, చెప్పిననాడు ఏమనకు అన్నది. అందుకే నేనేమన్లే" అన్నది శ్రావణి.

అంటే పద్మక్క నా నాలుక కింద చూసిన రోజులన్నీ తెలిసే చూసింది. ఆ తర్వాత కూడా నా అర్రలో తెలిసే పడుకుంది. చివరి వారం తెలిసే అడిగింది. మరి నీ గోళీలు ఆ డబ్బాలోనే ఎందుకు వేశావమ్మా అని అడిగాను. మింగబుద్ధి కాలేదన్నది నిజమే, కాని అందులో వేసింది నువ్వు చూస్తావనే అన్నది. ఐదేళ్లుగా నేను చెబుతానని ఎదురుచూసి విసిగిపోయిందట.

నేను ఏడుస్తూ, మీ అమ్మ నన్ను మాఫ్ చేసినట్టేనా బిడ్డా అన్నాను. శ్రావణి నీళ్ల చెంబు తీసుకుని లేచింది. "ఏమనద్దన్నది, గంతే. మాఫ్ జెయ్యమని నాకు చెప్పలే" అన్నది. తర్వాత వాకిట్లోకి పోయి, చాయ పెట్టాల్నా అని అక్కడి నుంచి అరిచింది.

ఇది జరిగి ఏడాదిన్నర అయింది. శ్రావణి డిగ్రీ పూర్తి చేస్తోంది, ఆర్నెల్లకోసారి ఎక్స్‌రేకు ఇద్దరం కలిసి పోతాం. నేను ఇంట్లో ట్యూషన్లు చెబుతున్నాను, కిటికీ కింద. మా గల్లీలో మందులు వాడుతున్న ఇద్దరు రోజూ నా ముందుకు వచ్చి గోళీలు మింగి పోతారు. వాళ్లకు తిట్టు తప్పదు, నాలుక లేపడం తప్పదు. క్షమాపణ గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. అడిగితే దొరికేది కాదని, దొరకకపోయినా ఒక ఇంట్లో ఉండి చాయ తాగవచ్చని మాత్రం తెలిసింది. పెత్రమాసకు గోడ మీద అన్నం పెడతాం. కాకి వచ్చిందో లేదో శ్రావణి చూస్తుంది, నాకు చెప్పదు, నేను అడగను.

మీలో ఈ మందులు వాడుతున్నవాళ్లకు ఒక్క మాట. డోసు తప్పితే, తప్పిన రోజే చెప్పండి. డాక్టరుకు చెప్పండి, మీ అర్రలో పడుకునే మనిషికీ చెప్పండి. వాళ్లు తిడతారు, తిట్టనివ్వండి. ఏమన్నా చెప్పేదున్నదా అని మీ మనిషి అడిగిన రోజు కోసం దాచుకోకండి. పద్మక్క నన్ను ఒక్కసారే అడిగింది.